టెంటు మేనత్త వాకిట్లో వేయండి

కారు డిక్కీలో టెంటు ఉంది. గ్యాసు పొయ్యి ఉంది, దుప్పట్లు ఉన్నాయి, నీళ్ళ క్యాన్లు ఉన్నాయి. బియ్యం, ఉల్లిగడ్డలు, కోడి కూడా వెంటే ఉన్నాయి. పడుకోవడానికి ఎవరి మంచమూ అక్కర్లేదు, వండుకోవడానికి ఎవరి గిన్నే అక్కర్లేదు. ఇంత సరంజామాతో బయల్దేరిన మనిషి దారిలో చుట్టాలింటి ముందు బండి ఆపితే ఎవరికి బరువు? ఎవరికీ కాదు. అయినా మా ఇంటి పిల్లలు ఆపడం లేదు. మేడారం జాతరకని హైదరాబాద్‌లో బయల్దేరి, హనుమకొండలో పెద్దమ్మను దాటి, ములుగులో మేనత్తను దాటి, అర్ధరాత్రి లక్నవరం చెరువు దగ్గర డబ్బులు కట్టి టెంటు వేసుకుని పడుకుంటున్నారు. నా కోపం టెంటు మీద కాదు. ఆరుబయట పడుకోవడం నాకు వాళ్ళ కంటే ముందే తెలుసు. చుట్టాల వాకిట్లో వేయాల్సిన గుడారాన్ని చుట్టాలను తప్పించుకోవడానికి వాడుతున్నారే, దాని మీద నా కోపం.

మాది హుజూరాబాద్ దిక్కు పల్లె. మా రోజుల్లో, అంటే నేను ఎడ్ల పగ్గం పట్టడం నేర్చిన అరవైలలో, మేడారం పోవడమంటే బండి కట్టడమే. జాతరకు వారం ముందు మేడారంలో మండెమెలిగె పండుగ జరిగే బుధవారం నాటికే మా ఊళ్ళో బండ్ల పని అయిపోయేది. ఇరుసుకు కందెన పెట్టేది, ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టించేది, వెదురు బద్దలు వంచి తడక కప్పి బండి మీద గూడు కట్టేది. బండిలో అడుగున వరిగడ్డి, దాని మీద గొంగడి. బండి కింద కందిలి వేలాడేది. వెనకాల మేకపోతు నడిచేది, కోళ్ళు కాళ్ళు కట్టించుకుని గంపలో కూర్చునేవి. బియ్యం మూట, ఉప్పు, కారం, చింతపండు, సంక్రాంతికి చుట్టిన సకినాల డబ్బా. సమ్మక్క తల్లికి ఇచ్చే బంగారం, అంటే బెల్లం, వేరే గుడ్డలో కట్టి ఎవరి కాలూ తగలకుండా పైన పెట్టేది.

ఇవి కాక ఇంకో మూట ఉండేది. దాంట్లో కొత్త కందిపప్పు, పెసర్లు, ఎండుమిరపకాయలు. అవి మాకు కాదు, దారిలో చుట్టాలకు. ఇల్లు కదలకముందే ఎవరింటికి ఎంత అన్నది మా అవ్వ సోలతో కొలిచి పెట్టేది. ఆమెకు చదువు రాదు. కానీ మా ఊరి నుంచి మేడారం దాకా దారి ఎట్లా పోతుందో అడిగితే ఊళ్ళ పేర్లు చెప్పేది కాదు, మనుషుల పేర్లు చెప్పేది. కమలాపూర్ దగ్గర మా నాయిన మేనత్త, పరకాలలో మా మేనమామ, ములుగులో మా పెద్దక్కను ఇచ్చిన ఇల్లు.

ఇది యాదృచ్ఛికం కాదు. ఎడ్లు ఒక పగలు నడిచి చేరగలిగిన దూరంలోనే మావాళ్ళు పిల్లనిచ్చేవాళ్ళు, పిల్లను తెచ్చుకునేవాళ్ళు. ఆడబిడ్డకు జ్వరమొచ్చిందని కబురొస్తే పొద్దున బండి కట్టి పొద్దుగూకే వేళకు చేరాలి కదా. అందుకని రెండు తరాల పెండ్లిళ్ళు అయ్యేసరికి ఏ దారిన పోయినా ఎడ్లు అలిసే చోట ఒక చుట్టం ఉండేవాడు. హుజూరాబాద్, కమలాపూర్, పరకాల, గూడెప్పాడ్, ములుగు, జంగాలపల్లి, పస్రా. అప్పట్లో పస్రా దాటితే అడవిలో బండ్ల బాటే గతి.

చుట్టాలింటికి చేరాక జరిగే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇప్పటివాళ్ళకు భయం అక్కడే ఉంది. ముందు ఎడ్లను ఇప్పేది. ఆ ఇంటి పెద్దమనిషి తనే వచ్చి కాడి దించి, కుడితి తాపించి, గడ్డివాము నుంచి గడ్డి పీకి వేసేవాడు. మనిషి కుశలం తర్వాత. ఎడ్లు మేతకు పడ్డాకనే మాకు కాళ్ళకు నీళ్ళు. ఆ తర్వాత మేం ఇంట్లోకి పోయి పీటలేసుకుని కూర్చునేవాళ్ళం కాదు. బండి వాకిట్లోనే ఉండేది, మా పడకా అక్కడే. ముసలివాళ్ళు గూట్లో, పిల్లలు బండి కింద, మగవాళ్ళు కాడి పక్కన గొంగడి పరుచుకుని. మా అవ్వ తన బియ్యం మూట తనే ఇప్పేది. ఇంటావిడ వద్దని లాక్కునేది, అవ్వ ఇవ్వనని గుంజుకునేది. చివరికి వాళ్ళ కూర, మా అన్నం. మూడు రాళ్ళ పొయ్యి వాకిట్లోనే పెట్టి రెండిళ్ళ ఆడవాళ్ళూ కలిసి వండేవాళ్ళు. మోదుగాకు ఇస్తర్లలో అందరం ఒకే వరుసన తినేది.

మా కోడలు అంటుంది, ఆ రోజుల్లో చుట్టాలొస్తే చచ్చేది ఆడవాళ్ళేనని. ఆమె మాట తీసిపారేయను. వట్టి చేతులతో దిగి, నెల రోజులు తిష్టవేసి, మూడు పూటలా వండించుకు తిన్న చుట్టాలను నేనూ చూశాను, వాళ్ళను మా అవ్వ తిట్టిన తిట్లూ విన్నాను. కానీ బండి మీద పోయేవాళ్ళ సంగతి వేరు. పడక వాళ్ళదే, బియ్యం వాళ్ళదే, తెల్లవారుజామున కోడి కూయకముందే కాడి కట్టుకుని పోతారు. ఇంటివాళ్ళ నుంచి వాళ్ళు తీసుకునేది వాకిలి, బావిలో నీళ్ళు, రాత్రి రెండు గంటల ముచ్చట. ఆ ముచ్చట కోసం ఇంటావిడ కూడా ఎదురుచూసేది. పుట్టింటి కబురు ఆమెకు ఇంకెట్లా చేరాలి? ఆమె చెల్లెలికి సంబంధం కుదిరిందా, తండ్రి దగ్గు తగ్గిందా, అన్నదమ్ములు పొలం పంచుకున్నారా, పంచుకుంటే బావి ఎవరి వంతుకు వచ్చింది? ఇవన్నీ మేం మోసుకొచ్చిన బండెడు సామాను కంటే ఆమెకు ఎక్కువ.

ఇంకొకటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ప్రతి ఇంట్లో జాతరకు రాలేని మనిషి ఒకరు ఉండేవారు. కాళ్ళు పడిపోయిన తాత, పచ్చి బాలింత, పొలం కాపలా వదల్లేని పాలేరు. వాళ్ళు పొద్దున్నే బండి దగ్గరికి వచ్చేవాళ్ళు. "బిడ్డా, నా మొక్కు గూడ తల్లికి అప్పజెప్పు" అని బెల్లం ముద్దో, పసుపు కుంకుమ పొట్లమో, పావలా బిళ్ళో మా అవ్వ కొంగులో పెట్టేవాళ్ళు. ఎవరిది ఏదో కలవకుండా అవ్వ ముడికో గుర్తు పెట్టుకునేది. మేడారంలో గద్దె ముందు నిలబడి ఒక్కొక్కరి పేరూ చెప్పి ఇచ్చేది. తిరుగు ప్రయాణంలో అవే ఇండ్ల ముందు మళ్ళీ బండి ఆగేది. తల్లి దగ్గర నుంచి తెచ్చిన బంగారంలో చిన్న ముక్క విరిచి, పేరు పెట్టి పిలిచి, చేతిలో పెట్టేది. కాళ్ళు పడిపోయిన తాతకు జాతర అంటే అదే. మేం ఆగకపోతే ఆయనకు ఆ యేడు జాతర లేదు. అందుకే దారిలో చుట్టాలింటికి పోవడం మాకు కాలక్షేపం కాదు, ప్రయాణంలో అది సగం పని.

పోతూ పోతూ బండ్లు పెరిగేవి. పరకాలలో మేనమామ బండి కలిసేది. ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర అందరం దిగి కొబ్బరికాయ కొట్టి, అడవిలోకి పోతున్నాం, చల్లగా చూడమని మొక్కి కదిలేది. ములుగులో బావ బండి కలిసేది. మేడారం చేరేసరికి మా బండ్లే ఒక వాడ. ఊరట్టం దిక్కో, రెడ్డిగూడెం దిక్కో, నార్లాపూర్ పొలాల్లోనో జాగా చూసుకుని బండ్లను గుండ్రంగా విడిచి మధ్యలో పొయ్యిలు పెట్టేది. రెండు బండ్ల నడుమ దుప్పటి కడితే అదే గుడారం, అడవిలో నరికిన కొమ్మలు నాలుగు పాతితే అదే గోడ. లక్షల జనంలో మన చోటు గుర్తుపట్టడానికి పొడుగు బొంగు పాతి దాని కొనకు చాటో, పాత బకెట్టో, ఎర్ర చీరముక్కో కట్టేది. మాది చాట. "చాట కట్టిన బొంగు కాడికి రా" అంటే వరంగల్ దిక్కు చుట్టం కూడా వెతుక్కుంటూ వచ్చేవాడు.

బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చేది. గురువారం పొద్దుగూకే వేళ చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగేది. గాల్లోకి తుపాకీ పేలగానే మా అవ్వ ఒళ్ళంతా వణికేది. ఎదురుకోళ్ళు ఎగిరేవి, శివసత్తుల కేకలు. శుక్రవారం ఇద్దరు తల్లులూ గద్దెల మీద ఉండగా మొక్కులు. శనివారం తల్లుల వనప్రవేశం. ఈ నాలుగు రోజులూ దర్శనానికి పట్టే పొద్దు కొంతే. మిగతా పొద్దంతా జంపన్న వాగులో స్నానం, బండ్ల మధ్య వంట, చుట్టాలు. మా చిన్నక్క సంబంధం అక్కడే కుదిరింది. పిల్లను చూపించడానికి ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. పక్క బండివాళ్ళు ఆమె వాగు నుంచి నీళ్ళ బిందె తేవడం, ముసలమ్మకు అన్నం కలిపి పెట్టడం నాలుగు రోజులు చూశారు, చాలన్నారు. ఏండ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద మేకపోతును వండుకుని తినడమూ అక్కడే చూశాను. తల్లి ముందు కోపం పెట్టుకోకూడదని పెద్దవాళ్ళు ఇద్దరినీ చేయి పట్టి కూర్చోబెట్టారు.

ఇప్పటి సంగతి చెబుతాను. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. కోటికి పైగా జనం వచ్చారు. హనుమకొండ నుంచి మేడారానికి హెలికాప్టరు కూడా నడిచింది. మా మనవళ్ళు, వాళ్ళ స్నేహితులు రెండు కార్లలో బయల్దేరారు. హనుమకొండ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు, మా ఎడ్లకు అది రోజుల నడక. వీళ్ళకు జాతర రద్దీ లేకపోతే రెండు గంటలు. వీళ్ళు పోతున్నారని నేనే ములుగులో ఉన్న మా చెల్లెకు, అంటే వాళ్ళ నాయిన మేనత్తకు, ఫోన్ చేసి చెప్పాను. ఆమె గారెలకని బొబ్బర్లు నానబెట్టింది. దేశవాళీ కోడిని పట్టి గంప కింద పెట్టింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, గోడ పట్టుకుని నడిచే మనిషి, వాకిలి ఊడ్పించి సాన్పు చల్లించింది.

వాళ్ళు గట్టమ్మ దగ్గర ఆగారు. కొబ్బరికాయ కొట్టారు. ఫోటో దిగారు. ఆ ఫోటో ఫోన్‌లో పెట్టారు, మా చెల్లె చూసింది. అక్కడి నుంచి ఆమె ఇంటికి కారులో ఎంతసేపు? చుట్ట ముట్టించుకునేంత సేపు పట్టదు. ఆమె చీకటి పడేదాకా తలుపు దగ్గరే కూర్చుంది. తర్వాతి ఫోటో లక్నవరం నుంచి వచ్చింది. టెంట్ల ముందు మంట, మంట ముందు మా పిల్లలు.

తిరిగొచ్చాక అడిగాను. "టైం లేకుండె తాతా. అందరం పోతే అత్తమ్మకు ఇబ్బంది అని పోలే" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు "వచ్చేటప్పుడు ఆగుదామనుకున్నం, పోలీసులు వేరే రోడ్డుకు మళ్ళించిండ్రు" అన్నాడు. ఆ రెండో మాట నిజమే. ఆ యేడు సొంత బండ్లు పస్రా, నార్లాపూర్ మీదుగా పోవాల్సి వచ్చింది, తిరిగి వచ్చేటప్పుడు భూపాలపల్లి, రేగొండ, పరకాల మీదుగా రావాల్సి వచ్చింది. కోటి మంది పోయే దారికి అట్లాంటి ఏర్పాటు కావాల్సిందే. కానీ నేనడిగేది ఒకటే. ఆ దారిలో పరకాల తగలదా? పరకాలలో మా మేనమామ కొడుకు లేడా? ఆయనా వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయే కార్లను చూసుకుంటూనే ఉన్నాడు కదా.

ఇక ఇబ్బంది అన్న మాట. ఈ మాట ఈ తరానికి పెద్ద ఆసరా అయిపోయింది. ఎదుటివాళ్ళను అడక్కుండానే వాళ్ళకు ఇబ్బందని తీర్మానించి, దాన్నే మర్యాదనుకుని దాటిపోతున్నారు. మా చెల్లెకు ఇబ్బంది కోడిని కోయడంలో లేదు, కోసిన కోడి మిగిలిపోవడంలో ఉంది. లక్నవరంలో టెంటు కిందికి జాగా అద్దెకు తీసుకున్నారు కదా, అంతకంటే పెద్ద వాకిలి ములుగులో ఉంది. కుళాయిలో నీళ్ళున్నాయి, మరుగుదొడ్డి ఉంది, కుక్క కూడా కరవదు. అక్కడే టెంటు వేసుకుని, అక్కడే మంట వేసుకుని, అక్కడే పాటలు పాడుకుంటే ఆ వాడ పిల్లలంతా వచ్చి కూర్చునేవాళ్ళు. తెల్లవారి చెరువు చూడ్డానికి పోతే చెరువు ఎక్కడికి పోతుంది?

అమెరికాలో ఉన్న మా అన్న మనవరాలు డాలస్ నుంచి గ్రాండ్ క్యాన్యన్‌కు కారులో పోతూ ఆల్బుకర్కీలో దూరపు చుట్టాలింట్లో ఒక రాత్రి ఆగింది. ఆ ఇంటివాళ్ళు మాకు వరసకు ఏమవుతారో చెప్పడానికి నాకే కాసేపు పట్టింది. పరాయి దేశంలో ఆ వెతుకులాట ఉన్నప్పుడు సొంత గడ్డ మీద ఎందుకు లేదు? ఇక్కడ ఎప్పుడైనా పోవచ్చు అనుకుంటారు. అనుకుని పోరు. వేములవాడ రాజన్న దగ్గరికి మేడారానికి ముందు పోవాలన్న ఆనవాయితీ వీళ్ళకు గుర్తుంది, గట్టమ్మ దగ్గర ఆగాలని గుర్తుంది. మేనత్త మాత్రం ఆనవాయితీలోంచి జారిపోయింది.

తప్పు పిల్లలదే అంటే చుట్టాలకు సుఖంగా ఉంటుంది గానీ, వాళ్ళనూ అడగాల్సింది ఉంది. కొందరు వాకిలంతా పాలరాయి పరిచి, చెప్పుల గుర్తు పడితే మొహం మాడ్చుకుంటున్నారు. ఇంకొందరు పిల్లలు వచ్చీ రాగానే జీతమెంత, పెండ్లెప్పుడు, ప్లాటు కొన్నారా లేదా అని నలుగురిలో నిలదీస్తారు. అట్లాంటి ఇంటి ముందు ఏ కుర్రవాడు బండి ఆపుతాడు? మా మేనమామ జీతం అడిగేవాడు కాదు, ఎడ్లకు ఏం పెడుతున్నారని అడిగేవాడు. మీ మనవడు కారులో వస్తే అది లీటరుకు ఎంత నడుస్తుందో అడగండి, దారిలో ఏం చూశాడో అడగండి. ఇంకోటి, ఫోన్ చేయకుండా వచ్చాడని నొచ్చుకోకండి. మా రోజుల్లో పరకాల అంగట్లో ఎవరో కనబడి కబురు చేర్చితే చేరినట్టు, లేకపోతే వాకిట్లో బండి చప్పుడే కబురు.

2024లోనే ఆర్టీసీ వాళ్ళు మేడారం ప్రసాదాన్ని ఇంటికే చేర్చే ఏర్పాటు చేశారు. మంచం దిగలేని వాళ్ళకు, దూరదేశంలో ఉన్నవాళ్ళకు అది మంచిదే, నేను కాదనను. కానీ జాతరకు స్వయంగా పోయొచ్చిన మనిషి కూడా, మొక్కు తీర్చుకున్న బంగారాన్ని మేనత్త చేతిలో పెట్టకుండా, ఆమెకు పార్శిల్ వస్తుందిలే అనుకుంటే నాకు మింగుడుపడదు. ఆ పొట్లం విప్పినప్పుడు పేరు పెట్టి పిలిచేది ఎవరు? ఆమె కోసం గద్దె ముందు నిలబడింది ఎవరు?

అందుకని మా ఇంట్లో పిల్లలకు ముందే చెబుతున్నాను. టెంటు అమ్మేయమనడం లేదు, ఇంకో రెండు కొనుక్కోండి. హైదరాబాద్‌లో ఒక పూట ముందు బయల్దేరండి. హనుమకొండలో పెద్దమ్మ దగ్గర చాయ తాగండి, ఆమెకు కందిపప్పు ఇవ్వండి, నేను కొలిచి పెడతాను. రాత్రి బస ములుగులో. మీ బియ్యం మీరే వండుకోండి, మా చెల్లె వద్దని గుంజుకుంటే మీరూ గుంజుకోండి, ఆ గుంజులాట ఆమెకు కావాలి. తిరిగి వచ్చేటప్పుడు పరకాలలో ఆగండి, అరగంట చాలు. ముసలాయనకు చెవులు వినబడవు, గట్టిగా మాట్లాడండి.

ఇంకో పని కూడా ఉంది. మా చెల్లె తన మనవడికి జబ్బు నయమైతే వాడి ఎత్తు బంగారం ఇస్తానని తల్లికి మొక్కుకుంది. వాడికి నయమైంది, బడికి పోతున్నాడు. వాడి బరువు తూచి బెల్లం కొనిపెట్టింది, కానీ ఆమె మోకాళ్ళతో జాతర జనంలో నడవలేదు. అప్పుడు ఆ మూట మీ కార్లో పోతుందనే తలుపు దగ్గర కూర్చుంది. ఆ బెల్లం చీమలు పట్టకుండా డబ్బాలో దాచింది, వర్షాకాలానికి కరిగిపోతే మళ్ళీ కొంటానంటోంది. డిక్కీలో టెంటు పక్కన దానికి చోటు చేయండి. గద్దె దగ్గర వాడి పేరు, ఆమె పేరు రెండూ చెప్పండి. ఏ పేరు ముందు చెప్పాలో ఆమెనే అడగండి, దానికి పద్ధతుంది.